చిటికెన వేలంత సందు

ఊర్లలో గూటిలోంచి కోడిపిల్లలు మాయమైతే ముందు వెతికేది కర్రను. పాము కనబడితే కొడతారు. కనబడకపోతే గూడు చుట్టూ ఫినాయిలు చల్లుతారు. వారం తిరగకముందే ఇంకో రెండు పిల్లలు పోతాయి. జంట పాము పగబట్టిందని అప్పుడు చెప్పుకుంటారు. పగ ఏమీ లేదు. మొదటి పాము దూరిన సందు అట్లనే తెరిచి ఉంది, దాన్ని అక్కడిదాకా రప్పించిన ఎలుకలు గూడు కిందనే ఉన్నాయి, అందుకే రెండోది వచ్చింది. వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఎవరికైనా నేను చెప్పేది ఒక్కటే. పాము వెంట పడే ఓపికనూ ఖర్చునూ గూటి సందుల మీద పెట్టండి. రాత్రి గూట్లో అన్నిటికంటే పెద్ద సందు ఎంతుందో, మీ కోళ్లకున్న రక్షణ అంతే.

కోళ్లను మించిన సంగతి ఇంకొకటి ఇందులో ఉంది. పొద్దుగూకినంక గంపలో చెయ్యి పెట్టి గుడ్లు తీసేది, పొదిగే పెట్టను లేపి చూసేది, గూటి మూలలో ఉండిపోయిన పిల్లను తడిమి పట్టేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. గుడ్డు కోసం నాగుపాము దూరేదీ ఆ గంపలోకే. కోడి పోతే ఇంకో కోడి వస్తుంది, మనిషి పోతే రాదు. అందుకే గూడు కట్టడాన్ని ఖాళీ ఉన్నప్పుడు చేసుకునే పనిగా చూడొద్దని గట్టిగా అంటున్నాను.

వచ్చింది ఎవరు?

గూడు బాగుచేసే ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. కుక్కకు సరిపోయే ఏర్పాటు పామును ఆపదు, పామును ఆపే సన్న జాలి ఒక్కటే ఉంటే కుక్క పీకేస్తుంది.

గుడ్లు పోయి పెంకు ముక్క కూడా మిగలకపోతే పామును అనుమానించాలి. నాగుపాము, జెర్రిపోతు రెండూ గుడ్డును పగలగొట్టకుండా మింగుతాయి. ఉడుము కూడా మింగుతుంది, కానీ అది పగలు తిరిగే జంతువు. మెత్తటి మట్టిలో గోళ్ల గీతలు, మధ్యలో తోక ఈడ్చిన గుర్తు వదిలిపోతుంది. గుడ్డుకు పొక్క పడి సొన కారి ఉంటే కాకి పని. పట్టపగలు గూడు తెరిచి ఉన్నప్పుడు గుడ్లన్నీ ఒకేసారి పోయాయంటే ఈ మధ్య మన ఊర్లలో ముందు చూడాల్సింది కోతుల్నే.

పిల్లలు రాత్రిపూట ఈక కూడా మిగలకుండా పోతే పాము కావచ్చు, ఎలుకో పందికొక్కో కావచ్చు. ఎలుకల పని అయితే మిగిలిన పిల్లల్లో ఒకటి రెండింటికి కాళ్లు, తొడలు కొరికి ఉంటాయి. గూటి మూలలో కొత్తగా తవ్విన మట్టి, పొక్క మూతి దగ్గర ఈకలు కనిపిస్తాయి. చచ్చిన పిల్ల తల నుంచి రెక్కల దాకా తడిసి, ఈకలు ఒంటికి అతుక్కుపోయి ఉంటే అది మింగబోయి వదిలేసిన పాము ఆనవాలు. తల, మెడ పోయినా రెక్కల దగ్గర నోరు పట్టక కక్కేస్తుంది. సాధారణంగా అది జెర్రిపోతు అయి ఉంటుంది.

పెద్ద పెట్ట పైకి గాయం లేకుండా చచ్చి, దాని కింది పిల్లలు తగ్గితే నాగుపాము కాటు అయ్యే అవకాశం ఉంది. పెట్ట పిల్లల కోసం ఎదురు తిరుగుతుంది, పాము కాటేస్తుంది, కానీ కిలోన్నర కోడిని అది మింగలేదు. పెద్ద కోడిని మింగగలిగేది కొండచిలువే. పాకాల, ఏటూరునాగారం అడవుల అంచున ఉన్న ఊర్లలో ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే గాయం లేని ప్రతి చావూ పాముది కాదు. నాలుగైదు కోళ్లు వరుసగా తూలుతూ, మెడ మెలి తిరిగి, ఆకుపచ్చగా పారుతూ చస్తుంటే అది కొక్కెర తెగులు. దానికి మందు లేదు, టీకానే దారి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా, 8 వారాలకు ఆర్‌టూబీ. మండల పశువైద్యశాలలోనో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగితే చెబుతారు. తెగులుతో చచ్చిన కోళ్లను పాము పద్దులో రాసి ఊరుకుంటే మిగిలినవి కూడా దక్కవు.

ముంగిస మెడ వెనక కొరుకుతుంది, రక్తం కనిపిస్తుంది, అది కూడా పగలు వేటాడేదే. జంగపిల్లి పొద్దున చీకట్లో, మునిమాపు వేళ వచ్చి ఒక్క కోడిని ఎత్తుకుని పోతుంది, పోయిన దారి పొడవునా ఈకలు రాలుతాయి. మానుపిల్లి చెట్టు మీదినుంచి కప్పు మీదకు దిగి, రేకు సందులోంచి దూరి ఒకటికి మించి చంపుతుంది. ఐదారు కోళ్లు చచ్చి, తినకుండా చెల్లాచెదురుగా పడి, తలుపు చెక్కో జాలో పీకేసి ఉంటే కుక్కలు. గూట్లోనే ఉన్న కోడికి కాలో తలో తెగిపోయి ఉంటే జాలి కన్నాలు పెద్దవి, బయటినుంచి పిల్లి చెయ్యి పెట్టి లాగిందన్న మాట.

నా అంచనాలో పాము మీద వేసే నష్టంలో సగానికి పైగా ఎలుకలు, పిల్లులు, కుక్కలే చేస్తున్నాయి. గూడు చుట్టూ రెండడుగుల వెడల్పున సన్న ఇసుకో జల్లించిన బూడిదో పరిచి ఒక రాత్రి వదిలితే తెల్లారేసరికి అనుమానం తీరిపోతుంది.

ఖర్చయ్యేది, పని చేయనిది

ఫినాయిలు, కిరోసిన్, వెల్లుల్లి నీళ్లు, గంధకం, సున్నం గీత, కలరా ఉండలు, కార్బాలిక్ యాసిడ్ వీటిలో ఏదీ పామును ఆపదు. పాము నాలుక చాపి వాసన పడుతుందన్నది నిజమే. కానీ వాసన నచ్చకపోతే పక్కకు జరిగి పోతుంది తప్ప వెనక్కి తిరిగి ఊరు దాటదు. 44 డిగ్రీల ఎండకు ఆ వాసన ఆవిరైపోతుంది, ఒక్క వాన పడితే కొట్టుకుపోతుంది. పైగా కార్బాలిక్ యాసిడ్ చర్మాన్ని కాలుస్తుంది, చర్మం గుండా ఒంట్లోకి దిగి మనిషికే విషమవుతుంది. కలరా ఉండల ఆవిరి మూసిన గూట్లో కోళ్లకు హాని చేస్తుంది. నేలలో గుచ్చితే అదిరి పామును తరుముతుందని అమ్మే సోలార్ గుంజలను నమ్మి గూటి తలుపు వదులుగా ఉంచడం మరీ ప్రమాదం.

గిన్నెకోళ్లు మంచి కాపలాదార్లు. పాము కనిపిస్తే ఊరు లేచేటట్టు అరుస్తాయి. అయితే ఆ అరుపు పగటికే పనికొస్తుంది. రాత్రి వాటికీ కళ్లు కనబడవు, వాటినీ గూట్లో దాచాల్సిందే.

విషం కలిపిన గుడ్లు పెట్టడం, ఎలుకల మందు కలిపిన నూకలు గూడు పక్కన చల్లడం చేయకండి. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన గింజ తిన్న కోడి బతకదు, విషపు గుడ్డు ముందుగా దొరికేది మీ కుక్కకో పక్కింటి పసిపిల్లకో. గూడు చుట్టూ కరెంటు తీగ కట్టే ఆలోచన అసలే వద్దు. అడవిపందుల కోసం చేలల్లో కట్టిన తీగలు తగిలి మనుషులు పోయిన కబుర్లు మన జిల్లాల్లో వింటూనే ఉన్నాం.

నైలాన్ వల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చేపల వలను గూడు చుట్టూ నేలదాకా వేలాడదీస్తే పాము అందులో చిక్కుకుంటుంది, నిజమే. పొలుసులకు దారం తగులుకుని ముందుకూ వెనక్కూ పోలేక గింజుకుంటుంది. తెల్లారి ఆ వలను విప్పబోయేది ఎవరు? ప్రాణంతో ఉన్న నాగుపామును దారాల్లోంచి విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. గద్దల నుంచి కాపాడుకోవడానికి వలను ఆరడుగుల ఎత్తులో బిగుతుగా కట్టుకోండి, నేలకు మాత్రం తగలనీయకండి.

ఇక చంపడం. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము, ముంగిస, జంగపిల్లి అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే, చంపడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. జెర్రిపోతుకు విషం లేదు, దాని ప్రధాన తిండి ఎలుకలు, కప్పలు. దాన్ని చంపిన పెరట్లో ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే నాగుపాము వస్తుంది. విషం లేనిదాన్ని తరిమి విషం ఉన్నదాన్ని పిలుచుకోవడం ఏం లాభం?

గూడు కట్టే పద్ధతి

పాముకు తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. కోళ్లఫారాలకు అమ్మే ఆరు మూలల అంగుళం జాలి కోడిని లోపల ఉంచుతుందే గాని పామును బయట ఉంచలేదు. ఖాళీ కడుపుతో ఉన్న మూడు నాలుగడుగుల పాము అందులోంచి సులువుగా దూరుతుంది. నాలుగు గుడ్లు మింగాక అదే కన్నంలోంచి బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. పొద్దున తలుపు తీసేవాళ్లకు ఎదురయ్యేది ఆ పామే. కుక్కలు కూడా ఆ సన్న తీగను పళ్లతో తెంపేస్తాయి.

కావలసింది అరంగుళం చదరపు కన్నాల వెల్డెడ్ మెష్, అంటే తీగలు కలిసేచోటల్లా అతికించిన జాలి. గుడ్డునో పిల్లనో మింగగల పాము దానిలోంచి పట్టదు. పొదిగే పెట్టెకు, నాలుగు వారాల లోపు పిల్లల పెట్టెకు మాత్రం పావంగుళం జాలి వాడాలి. ఎందుకంటే వేసవిలో పెట్టిన నాగుపాము గుడ్లు వానాకాలం మొదట్లో పిల్లలవుతాయి. అడుగు లోపు పొడవుండే ఆ పాముపిల్ల కోడిగుడ్డును మింగలేదు గాని, పుట్టుకతోనే విషం ఉంటుంది. అరంగుళం కన్నంలోంచి అది దూరగలదు, చెయ్యి పెడితే కరవగలదు. జాలి కొనేటప్పుడు జింక్ పూత చూడండి. పూత పలుచనైతే కోళ్ల రెట్ట తగిలే కింది భాగం రెండు మూడు వానాకాలాల్లోనే తుప్పుపట్టి పొక్కలు పడుతుంది.

రాత్రి పడుకోవడానికి పెద్ద కోడికి ఒక చదరపు అడుగు చాలు. పన్నెండు కోళ్లకు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గూడు సరిపోతుంది. చుట్టుకొలత 14 అడుగులు, అడుగు భాగానికి ఇంకో 4. అంటే మూడడుగుల వెడల్పు జాలి 18 అడుగులు, అతుకులకు కలిపి 20 అడుగులు తీసుకోండి. సుమారుగా మూడు నాలుగు నాటుకోళ్ల ధర అవుతుంది. చట్రానికి అంగుళం ఇనుప యాంగిల్ గాని నీలగిరి గుంజలు గాని.

జాలిని చట్రానికి బయటివైపున బిగించాలి. జంతువు తోసినప్పుడు జాలి చట్రానికే ఒత్తుకుంటుంది. లోపలివైపు కొడితే అదే తోపుకు మేకులు ఊడతాయి. మేకు కొట్టి వంచితే లాభం లేదు. కట్టెకైతే మూడంగుళాలకు ఒక యూ మేకు కొట్టి, పైన అంగుళం చెక్క పట్టీ పెట్టి స్క్రూలు బిగించండి. యాంగిల్‌కైతే నాలుగంగుళాలకు ఒకచోట బైండింగ్ వైరు మెలి వేయండి. రెండు జాలి ముక్కలు కలిసేచోట మూడంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి వైరుతో కుట్టాలి. పక్కపక్కన ఆనించి వదిలిన అతుకును పాము ముక్కుతో తెరుచుకుంటుంది.

గూడు కాళ్లు మూడడుగుల ఎత్తుండాలి. రాతి కడీలు గరుకుగా ఉంటాయి, జెర్రిపోతు వాటిని చుట్టుకుని సులువుగా ఎక్కుతుంది. ఒక్కో కాలికి రెండున్నర అడుగుల ఎత్తున నున్నటి జీఐ రేకు (జింక్ పూత ఇనుప రేకు) చుట్టండి, అంచు లేవకుండా రివిట్ కొట్టించండి. పాము నున్నటి నిలువు మీద తన పొడవులో మూడో వంతు దాకా తల లేపగలదు, ఆరడుగుల పాముకు అది రెండడుగులు. ఇంత చేసి కోళ్లు ఎక్కడానికి పెట్టిన నిచ్చెన రాత్రి అక్కడే వదిలితే కాళ్లకు చుట్టిన రేకు దండగ. గూటికి ఆనించిన చీపురు, పార, సైకిలు కూడా నిచ్చెనలే. పొద్దుగూకగానే అన్నీ తీసేయాలి.

కాళ్ల మీద ఎత్తలేని గూళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇంటి గోడకు ఆనుకుని ఇటుకలతో కట్టి, ముందు చిన్న తలుపో బండ మూతో పెట్టినవి. వీటిని కూలగొట్టాల్సిన పని లేదు. లోపల నేలకు షాబాదు బండ పరిచి సందులన్నీ సిమెంటుతో పూడ్చండి, మట్టి నేల అయితే పందికొక్కు కిందినుంచి వస్తుంది. గాలికి వదిలిన కన్నాలకు అరంగుళం జాలి ముక్కలు సిమెంటులో ఇమిడ్చి పెట్టండి. బండ మూత ఎప్పుడూ సరిగా కూర్చోదు, ఏదో ఒక మూల వేలు దూరేంత సందు ఉంటుంది. దాని బదులు ఇనుప చట్రానికి జాలి బిగించిన తలుపు పెట్టించండి. గూడు ముందు నేలలో జాలిని రెండడుగుల వెడల్పున పడుకోబెట్టి పైన మట్టి కప్పితే తవ్వే జంతువులు ఆగిపోతాయి. కుక్క గాని ముంగిస గాని గోడ మొదట్లోనే తవ్వుతాయి, రెండడుగులు వెనక్కి వచ్చి తవ్వాలని వాటికి తోచదు.

అందరూ మరిచిపోయేది కప్పు. అలల రేకు గోడ మీద కూర్చున్నచోట ప్రతి అల కింద ఒక కన్నం మిగులుతుంది. ఇనుప రేకుకు అది ముప్పావు అంగుళం, సిమెంటు రేకుకు రెండు అంగుళాల దాకా. చుట్టూ ఖరీదైన జాలి కొట్టించి ఈ వరుసను వదిలేసిన గూళ్లే ఎక్కువ. పాము, మానుపిల్లి, ఎలుక మూడింటికీ అదే దారి. ఇటుక గూడైతే ఆ అలలను సిమెంటుతో మూయండి, కట్టె గూడైతే ఆరంగుళాల జాలి పట్టీని అలకు తగ్గట్టు వంచి కొట్టండి. గాలి కోసం కప్పు కింద ముందూ వెనకా ఆరంగుళాల జాలి కిటికీ ఉండాలి. మన ఎండలకు అన్నివైపులా రేకుతో మూసిన గూట్లో పాము రాకపోయినా కోళ్లు ఉడికి చస్తాయి. అట్లని గడ్డి కప్పు వేస్తే అందులో ఎలుకలు కాపురం పెడతాయి, వాటి వెంట పాము. రేకుకు తెల్ల సున్నం రెండు పూతలు వేసి, మార్చి నుంచి జూన్ దాకా పైన తాటాకులు కట్టి, తొలకరికి ముందే విప్పేయడం నాకు నచ్చిన మార్గం.

తలుపు బయటికి తెరుచుకోవాలి, మూసినప్పుడు చుట్టూ చట్రం మీద అరంగుళం ఎక్కి కూర్చోవాలి. కింద గడప సందులో పెన్సిల్ కూడా దూరకూడదు. ఒక్క గడియ చాలదు, కోతి లాగి తీస్తుంది, కుక్క తోస్తే వదులవుతుంది. పైన ఒకటి కింద ఒకటి పెట్టి, ఒకదానికి కొక్కెం తగిలించండి.

అంతా అయ్యాక చీకటి పడ్డాక గూట్లో టార్చి వెలిగించి తలుపు మూసి బయటినుంచి చూడండి. జాలి కాకుండా ఇంకెక్కడ వెలుగు గీత కనబడుతుందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గర చిటికెన వేలు పడితే పెద్ద పామూ, పెన్సిల్ పడితే పిల్ల పామూ పడుతుంది. జూన్ మొదటి వానలకు ముందొకసారి, వరి కోతలప్పుడు ఒకసారి ఈ పరీక్ష చేయాలి. వానలకు పొక్కలు నీళ్లతో నిండి పాములు మెరకకు వస్తాయి. కోతలకు చేలు ఖాళీ అయితే ఎలుకలు ఊర్లోకి, వడ్ల కుప్పల్లోకి మళ్లుతాయి.

పొదిగే పెట్ట

నాటుకోడి పొదిగే 21 రోజులు అన్నిటికంటే ప్రమాదకరమైనవి, కోడికీ మనిషికీ. ఇంట్లో చీకటి మూలనో, వడ్ల బస్తాల వెనకో గంపలో గడ్డి వేసి పది పన్నెండు గుడ్లు పెట్టడం మన అలవాటు. బస్తాల దగ్గర ఎలుకలుంటాయి, గంపలో గుడ్లుంటాయి, పక్కన నేల మీద మనుషులు పడుకుంటారు. ఇంతకంటే చెడ్డ చోటు లేదు.

పొదగడానికి ఒక పెట్టె చేయించండి. అడుగున్నర పొడవు, వెడల్పు, ఎత్తు. అడుగున చెక్క, మూడువైపులా, పైనా పావంగుళం జాలి, నాలుగోవైపు జాలి తలుపు. రెండడుగుల స్టూలు మీద గోడకు జానెడు దూరంలో పెట్టాలి. అడుగున రెండంగుళాల పొడి ఇసుక, పైన గడ్డి. పెట్టకు చీకటి కావాలి, కాబట్టి రెండువైపులా గోనెపట్టా కప్పండి. పొద్దున ఒకసారి పదిహేను ఇరవై నిమిషాలు బయటికి వదిలితే మేసి, నీళ్లు తాగి, రెట్ట వేసి తిరిగి వస్తుంది. అది బయట ఉన్నంతసేపు తలుపు మూసే ఉంచాలి. ఏడో రోజు టార్చి వెలుగులో గుడ్లు చూసి పనికిరానివి తీసేయండి.

ఆ గంపతోనే గడపక తప్పని ఇళ్లలో దాన్ని మట్టి మీద బోర్లించకుండా షాబాదు బండ మీద బోర్లించాలి. ఎగుడుదిగుడు నేల మీద గంప అంచు కింద మిగిలే సందు పాముకు చాలు. గుడ్లు తీసే పద్ధతి కూడా మారాలి. సాయంత్రం 5 లోపు, వెలుగుండగానే తీసేయాలి. ఆలస్యమైతే ముందు టార్చి వేసి చూడటం, తర్వాత మూరెడు కర్రతో గడ్డి కదపడం, ఆ తర్వాతే చెయ్యి.

పిల్లల్ని కాపాడే ఏర్పాటు ఇంకా కుదరనివాళ్లు రోజు పిల్లలు కాకుండా నాలుగు నుంచి ఆరు వారాలు పెంచిన పిల్లల్ని కొనడం మంచిది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు పెరటికి బాగుంటాయి. వాటిలో వనరాజా బరువెక్కితే పరుగు తగ్గుతుంది, కుక్కకు, జంగపిల్లికి తొందరగా దొరుకుతుంది. అడవి అంచు ఊర్లకు తేలికైన రకమో నాటుకోడో నయం.

ఎలుకలు

గూడు పక్కన రాత్రి మిగిలిన నూకలు, మక్కలు, తౌడు ముద్ద ఎలుకలకు పిలుపు. ఒక ఎలుక రోజుకు 20 గ్రాముల దాకా తింటుంది, పది చేరితే రోజుకు పావు కిలోకు దగ్గర దాణా పోతుంది. కోళ్లు అరగంటలో తినేంతే వేయండి, పొద్దుగూకకముందే గిన్నె ఎత్తి కడిగి బోర్లించండి. దాణా మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలో ఉండాలి, ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరుకుతుంది. ఎలుక పొక్కలను కంకరరాళ్లు, సిమెంటు కలిపి పూడ్చండి. ఇంకా తిరిగేవాటికి బోనులు పెట్టండి.

గూటికి పదడుగుల చుట్టూ నేల ఖాళీగా కనబడాలి. మన దగ్గర పెద్ద తప్పు పత్తికట్టె. పొయ్యికని తెచ్చిన పత్తికట్టె మోపులు, మక్క బెండ్ల కుప్ప, పాత పెంకులు, మిగిలిన ఇటుకలు గూడు పక్కనే పేరుస్తారు. పగటి ఎండకు పాము తలదాచుకోవడానికి ఇంతకంటే చల్లని చోటు దొరకదు. కట్టెలను గూటికి దూరంగా, నేలకు అడుగు ఎత్తున రాళ్ల మీద పేర్చండి. గూటి మీదకు వంగిన కొమ్మలను ఆరడుగుల దూరం దాకా కొట్టేయండి.

పగటి దొంగల గురించి తక్కువే చెప్పాలి. గద్ద, జాలెడేగ, కాకి మెత్తటి పిల్లల్ని ఎత్తుకుపోతాయి, ఆరేడు వారాలు దాటాక ఆ భయం తగ్గుతుంది. పిల్లలు దూరడానికి పెరట్లో రెండుచోట్ల తుమ్మకంపో పాత మంచమో పెడితే తల్లి పిలుపుకు అందులోకి ఉరుకుతాయి.

పాము లోపలే ఉంటే

కోళ్లు రాత్రిపూట ఒక్కసారిగా గోల పెట్టాయంటే టార్చితో, చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి, తలుపుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. పాము కనబడితే పొడవాటి కర్రతో తలుపు తెరిచి వెనక్కి రండి. కోళ్లు వాటంతటవే బయటపడతాయి, ఒక్క పిల్ల కోసం కూడా లోపల చెయ్యి పెట్టొద్దు. పదిహేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి పాముకు దారి వదలండి. మింగిన పాము మెల్లగా కదులుతుంది, తొందరపెట్టొద్దు. పోకుండా ఉండిపోతే అటవీ శాఖవాళ్లకో పాములు పట్టడం తెలిసినవాళ్లకో చెప్పండి. చీకట్లో అది జెర్రిపోతా నాగుపామా అని తేల్చే ప్రయత్నం చేయకండి, పడగ విప్పని నాగుపాము రెండోదాని లాగే కనిపిస్తుంది. కర్ర పట్టి మీదికి పోయినప్పుడే ఎక్కువమంది కాటుకు దొరుకుతారు.

కోళ్లకు కాపలాగా గూడు పక్కన నేల మీద పడుకోవడం వేసవిలో చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానండి. రాత్రి తిరిగే కట్లపాము కరిచేది నేల మీద నిద్రపోతున్నవాళ్లనే, ఆ కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి.

కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు కోసం తిరగడం ఏవీ వద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తీసేయాలి, వాపు వస్తే అవి రక్తాన్ని ఆపేస్తాయి. కరిచిన చేయి కదలకుండా చెక్క పెట్టి వదులుగా కట్టి, నడిపించకుండా 108లోనో దొరికిన బండిలోనో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒకటే మందు, యాంటీవీనం. పామును చంపి వెంట తీసుకెళ్లనవసరం లేదు. కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, చిగుళ్లలోంచి రక్తం, కడుపునొప్పి కనిపిస్తే ఏ సమయానికి మొదలైందో డాక్టరుకు చెప్పండి.

ముందు దేనికి ఖర్చు?

ఇన్ని పనులు ఒకేసారి కుదరవని తెలుసు. చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే ముందు పొదిగే పెట్టె చేయించండి, గుడ్లూ పిల్లలూ చెయ్యీ మూడూ అక్కడే ఉన్నాయి. తర్వాత రేకు అలల కింది కన్నాలు, దానికి అరబస్తా సిమెంటు కూడా పట్టదు. మూడోది తలుపు. ఆ తర్వాత అరంగుళం జాలి, ఒక్కోవైపు చొప్పున వేసుకున్నా సరే, పాత అంగుళం జాలిని విప్పకుండా దాని మీదే బిగిస్తే కుక్కలకు కూడా గట్టిగా ఉంటుంది. కాళ్ల రేకులు, నేల జాలి పత్తి అమ్మినంక కట్టుకోవచ్చు. అప్పటిదాకా రాత్రి దాణా గిన్నె ఎత్తిపెట్టడానికి, నిచ్చెన తీసేయడానికి, పత్తికట్టె మోపును అవతలికి జరపడానికి పైసా ఖర్చు లేదు, ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.